వస్తె కొండ

నయీంనగర్ల, టిఫిన్ సెంటర్ మీది అంతస్తుల
ఆరు గొట్టంగ షురూ అయితది మా ఇంగ్లీషు.
కింద పెనం మీద దోశ సుయ్యిమన్నప్పుడల్లా
మీద పది నోళ్లల్ల నీళ్లూరుతయి.
ఉల్లిగడ్డ వాసన పట్టిన ఇంగ్లీషు మాది.

నుస్రత్ మేడమ్ బోర్డు తుడిచి రాసింది:
కొత్త పనిల చెయ్యి పెట్టేటప్పుడు
తెల్లోళ్లు ఒకలతోటొకలు ఊకె అనుకునే మాటలు.

గివ్ ఇట్ ఎ షాట్.
షాట్ అంటె?
తుపాకి పేలుడు, అన్నడు సెల్లులు బాగుజేసే చందు.
నా చేతిల పెన్ను ఆగింది.
మా మేనమామ ఊరు ములుగు అవుతల.
చిన్నప్పుడు ఆ సప్పుడు ఇనబడితె
అత్త ముందుగాల దీపం ఆర్పేది,
ఎనుకనె పిల్లల నోళ్లు మూసేది.
తెల్లారినంక ఎవ్వలు ఎవ్వల్నీ ఏమడగకపోయేది.
గా మాటతోటి పని ఎట్ల మొదలువెడ్తరు?

హావ్ ఎ స్టాబ్. కత్తిపోటు.
హావ్ ఎ క్రాక్. పగులు.
హావ్ ఎ బాష్. గుద్దు.
"ఏంది మేడమ్, కొత్త పని ఎదురైతె
పలుకరిచ్చుడు లేదా వాళ్లకు, పొడుసుడేనా?"
క్లాసంత నవ్వింది. మేడమ్ గూడ.
"అర్థం గుంజకు అండాలక్కా, వాటం పట్టుకో."

డిప్ యువర్ టోస్.
కాలి ఏళ్లు నీళ్లల్ల ముంచి చూసుడట.
ఇది జరంత మంచిగున్నది.
వడ్డేపల్లి చెరువు కాడ పోరగాండ్లు చేసేది గదే.
గని నా కాళ్లు, మేడమ్,
కొత్తవాడల మగ్గం గుంటల
ఇరవై ఆరేండ్ల సంది మునిగే ఉన్నయి.
ముంచుడు నాకు కొత్త గాదు,
బయటికి తీసుడె కొత్త.

ఇది నేను పైకి అనలే.

"మరి మీ ఇండ్లల్ల ఏమంటరు?" అనడిగింది మేడమ్.
"ఓ రాయేసి చూద్దాం అంటం" అన్నడు ఆటో ఓదేలు.
"దిగితెనె లోతు" అన్నది పోలీసు పరీక్షకు చదివే పిల్ల.
నేనన్న:
"వెంట్రుక గట్టి కొండను గుంజు.
వస్తె కొండ. పోతె వెంట్రుక."
మేడమ్ సుద్దముక్క పట్టుకోని
కొండను ఇంగ్లీషుల రాసింది, వెంట్రుకను రాసింది,
నడుమ గుంజుడు కాడ నిలవడ్డది.
"మా నాయినకు వెంట్రుకలె లేవు మేడమ్,
ఆయన ఏం గట్టి గుంజాలె?" అన్నడు చందు.

ఎందుకె నీకీ వయసుల, అంటది మా తోటికోడలు.
చెప్త.
పోయినేడు సొసైటీ షాపుకు ఒక తెల్లాయన వచ్చిండు.
నేను నేసిన జంపఖాన మీద మోకాళ్లూని
ఎరుపూ నీలం కొక్కెం వేసుకున్న కాడ
ఏలువెట్టి రాసి రాసి చూసిండు, ఏదో అడిగిండు.
సెక్రటరీ జవాబు చెప్పిండు: త్రీ డేస్.
త్రీ అంటె నాకు అప్పటికె ఎరుకె.
నేసింది పదకొండు రోజులు.
మిగిలిన ఎనిమిది ఎటు వోయినయి?
ఎటూ వోలే. నా నోట్లెనె ఉన్నయి.

గందుకె, పంజతోని పోగు దిగ్గొట్టుకుంట నేర్చిన:
ఎ
లె
వన్.
మూడు దెబ్బలు, ఒక వరుస.
నిద్రల గూడ కొట్టిన్నట, మా ఆయన చెప్పిండు.

మొన్న బేస్తారం ఇంకొకామె వచ్చింది,
మెడల కెమెరా, పాదాలకు మన ఎర్రమట్టి.
గదే కొక్కెం మీద గదే ఏలు.
సెక్రటరీ నోరు తెరువకముందె
నేను తెరిచిన. గొంతు అట్టగట్టింది.
షాట్ యాదికి రాలె, కాలి ఏళ్లు రాలె,
నోటుబుక్కంత తెల్లగయ్యింది.
పోతె వెంట్రుకె గదా అనుకున్న.
గుంజిన.

"ఎలెవన్ డేస్."

ఆమె నా దిక్కు తిరిగింది.
సెక్రటరీ గూడ తిరిగిండు.
అప్పుడామె చేతులూపుకుంట, కండ్లు పెద్దగజేసి
ఇంకేదో అడిగింది, చానా పొడుగ్గ.

అది మా క్లాసుల ఇంక చెప్పలే.
సోమారం పోయి మేడమును అడగాలె.